పాత యెజ్డీ నట్లు కదలకపోతే పైపు వేసి లాగొచ్చా?

జడ్చర్ల అన్న అడిగింది ఇదీ: పన్నెండేళ్లు మూలకు పడి ఉన్న నాన్నగారి యెజ్డీ మోటార్‌సైకిల్‌ను బాగు చేస్తుంటే వెనక యాక్సిల్ నట్టు, సైలెన్సర్ గొట్టాన్ని సిలిండర్‌కు పట్టి ఉంచే సైలెన్సర్ నట్టు కదలడం లేదు, పానాకు పైపు తగిలించి లాగాలా అని.

అన్నా, పైపు అప్పుడే వద్దు. మాది మిర్యాలగూడ పక్క పల్లె. మా బాపు యెజ్డీ తొమ్మిదేళ్లు పశువుల కొట్టంలోనే ఉంది. ఆ తేమకు ప్రతి నట్టూ చిలుము పట్టింది. సైలెన్సర్ నట్టు చుట్టూ గాట్లు ఉంటాయి, వాటిలో కొక్కెం పడే సి పానాతోనే తిప్పాలి. మా మెకానిక్ దగ్గర అది లేదు. ఉలి పెట్టి సుత్తెతో కొట్టాడు. నాలుగో దెబ్బకు గాటు అంచు ఎగిరిపోయింది, నట్టు వంకరగా తిరిగి సిలిండర్ మీది మరను కోసేసింది. తర్వాత ఆ మరను లేత్ మీద మళ్లీ వేయించి, ఆ కొలతకు నట్టు చేయించాల్సి వచ్చింది. మైసూరులో ఈ బండ్ల తయారీ 1996లోనే ఆగిపోయింది, ఉన్న సిలిండర్‌ను కాపాడుకోవాలి. పక్కన నిలబడి కూడా ఆపలేదని నాకు ఇప్పటికీ బాధే.

యాక్సిల్ నట్టు సంగతి ముందు చూద్దాం. బయటికి కనిపించే మరను వైర్ బ్రష్‌తో తళతళలాడేలా రుద్దండి. నట్టు దాని మీదుగానే బయటికి రావాలి కదా. డబ్ల్యూడీ-40 గానీ, డీజిల్ గానీ పొద్దున, సాయంత్రం మూడు రోజులు పోయండి. పోసిన ప్రతిసారీ నట్టు పక్కలను చిన్న సుత్తెతో తట్టండి. అంచున నూనె ఇటుకపొడి రంగులో ఊరితే లోపలికి దిగినట్టే.

అప్పుడు ఆరు మూలల సాకెట్ పెట్టి, ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకంత తిప్పండి. చాలామంది ఇదే వదిలేస్తారు. చిలుము పట్టు తెగేది అక్కడే. తర్వాత పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ విప్పండి. కిర్రుమంటే ఆగి నూనె పోయండి. పన్నెండు మూలల రింగ్ పానా మాత్రం పెట్టొద్దు, అరిగిన నట్టు మీద జారి ఉన్న మూలలను కూడా తినేస్తుంది. అప్పటికీ రాకపోతే నట్టును హాక్సా బ్లేడుతో నిలువునా కోసేయండి. నట్టు కొత్తది వేసుకోవచ్చు, యాక్సిల్ పోకూడదు.

సైలెన్సర్ నట్టులో చిలుముతో పాటు పెట్రోల్‌లో కలిపే 2టీ ఆయిల్ కాలి గట్టిపడిన మసి ఉంటుంది. దానికి నూనె చాలదు, వేడి కావాలి. పెట్రోల్ ట్యాంకు, కార్బురేటర్ విప్పి దూరంగా పెట్టాకే బండిని ఆరుబయటికి తీసుకెళ్లండి. గ్యాస్ వెల్డింగ్ చిన్న మంటను నట్టు చుట్టూ తిప్పించండి, ఎర్రబడనివ్వొద్దు. బయట ఉన్న నట్టు ముందుగా సాగుతుంది. మంట తీశాక మర అంచుకు కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి లోపలికి పీల్చుకుపోతుంది. వెంటనే సి పానా వేయండి. మాకు రెండో వైపు నట్టు మూడోసారి వేడి చేశాక టక్కుమని కదిలింది.

తిరిగి బిగించేటప్పుడు మరకు కాపర్ గ్రీజు రాయండి. మొదటిసారి బండిని ఓ పది కిలోమీటర్లు తిప్పి వచ్చాక సైలెన్సర్ నట్టును వేడి మీదే ఇంకోసారి బిగించండి, లూజుగా ఉంటే అదురుకు మర అరిగిపోతుంది.