ఆటల ప్రశ్నలు: ఆఖరి జట్టుకే మొదటి కుర్రాడు దక్కుతాడా?

ఈ సంచికలో ప్రశ్నలన్నీ ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్ల లీగ్) ఐస్ హాకీ మీదే. కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్, అందులో ముందు వంతు తేల్చే లాటరీ గురించి, మొదటి ఎంపికగా వచ్చిన కుర్రాళ్ల తొలి సీజన్ గురించి పాఠకులు అడిగినవి ఇవి.

2024-25లో మా శాన్ హోసే షార్క్స్ 32 జట్లలో అట్టడుగున నిలిచింది. అయినా 2025 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక న్యూయార్క్ ఐలాండర్స్‌కు పోయింది. వాళ్లు కింది నుంచి పదో స్థానంలో ఉన్నారు. ఓడిన జట్టుకే ముందు పీట అంటారు కదా, ఇదెలా జరిగింది? (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

ఆఖరి జట్టుకు లీగ్ ఇచ్చే హామీ ఒక్కటే: మూడో ఎంపిక కంటే కిందికి జారదు. మొదటిది దక్కుతుందో లేదో బంతులు తేలుస్తాయి.

లాటరీ యంత్రంలో 1 నుంచి 14 వరకు అంకెలు వేసిన 14 బంతులుంటాయి. గాలికి ఎగురుతున్న వాటిలోంచి ఒక్కొక్కటిగా నాలుగు బయటికొస్తాయి. ఏది ముందొచ్చింది, ఏది వెనకొచ్చింది అన్నదానితో పనిలేదు, ఏ నాలుగు వచ్చాయన్నదే లెక్క. పద్నాలుగులోంచి నాలుగింటిని 1001 రకాలుగా తీయొచ్చు. వాటిలో ఒకదాన్ని పక్కన పెట్టి (అది వస్తే మళ్లీ తీస్తారు), మిగిలిన 1000 కలయికలను ప్లేఆఫ్స్‌కు చేరని 16 జట్లకు పంచుతారు. అట్టడుగు జట్టుకు 185, దాని పైదానికి 135, ఆ పైదానికి 115 వస్తాయి. అలా తగ్గుతూ పోయి కింది నుంచి పదో జట్టుకు 35, 15, 16వ జట్లకు ఐదేసి మిగులుతాయి. 2025లో ఐలాండర్స్‌కు తగిలింది ఆ 35లో ఒకటి. వాళ్లు డిఫెన్స్ ఆటగాడు మాథ్యూ షేఫర్‌ను తీసుకున్నారు.

ఆఖరి జట్టుకు 18.5 శాతమే అయితే పత్రికల్లో 25.5 శాతమని ఎందుకు రాస్తారని చాలామంది తికమకపడతారు. 2022 నుంచి ఒక నిబంధన ఉంది: లాటరీ గెలిచినా ఏ జట్టూ పది మెట్లకు మించి పైకి ఎక్కకూడదు. కింది నుంచి 12వ జట్టు గెలిస్తే రెండో ఎంపిక దాకానే వస్తుంది, 16వది గెలిస్తే ఆరు దాకానే. అప్పుడు మొదటి ఎంపిక అట్టడుగు జట్టు దగ్గరే ఉండిపోతుంది. 12 నుంచి 16 వరకు ఉన్న ఆ ఐదు జట్ల వాటా మొత్తం 7 శాతం. 18.5కు దాన్ని కలిపితే 25.5.

ఇక రెండో డ్రా. మొదటి ఎంపికకు ఒకసారి, రెండో ఎంపికకు ఇంకోసారి బంతులు తీస్తారు. మిగతా జట్లు తక్కువ పాయింట్ల వరుసలో నిలబడతాయి. 2025లో రెండో డ్రా యూటాకు తగిలింది. అది కింది నుంచి 14వ జట్టు కాబట్టి పది మెట్లెక్కి నాలుగో ఎంపిక దగ్గర ఆగింది. అందువల్లే షార్క్స్‌కు రెండోది నిలిచి మైకేల్ మీసా దొరికాడు. రెండు డ్రాలూ కలిపి లెక్క కడితే అట్టడుగు జట్టుకు మొదటి ఎంపిక 25.5 శాతం, రెండోది 18.8 శాతం, మూడోది 55.7 శాతం. అంటే ఆఖరున నిలిచిన జట్టు సగానికి పైగా సార్లు మూడో ఎంపికతోనే సరిపెట్టుకోవాలి. కావాలని ఓడిపోవడం అభిమానులను మోసం చేయడమన్నది ఒక మాట. అది లెక్క ప్రకారం కూడా దండగే అన్నది ఇంకో మాట.

ఒకప్పుడు ఇంతకన్నా ఘోరంగా ఉండేది. లాటరీ 1995లో మొదలైంది. 2016 నుంచి 2020 దాకా మూడు డ్రాలు తీసేవాళ్లు కాబట్టి ఆఖరి జట్టు నాలుగుకు జారే వీలుండేది. 2016-17లో 48 పాయింట్లతో కుప్పకూలిన కొలరాడో అలాగే నాలుగుకు పడింది, 2020లో డెట్రాయిట్ కూడా. తర్వాతి ఏడాదే డ్రాలను రెండుకు తగ్గించారు. ఇంతకీ కొలరాడో నాలుగో ఎంపికతో తెచ్చుకున్నది కేల్ మకార్‌ను. 2022లో ఆ జట్టు లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు అతనే.

మన హాకీ ఇండియా లీగ్‌లోనూ ఐపీఎల్‌లోనూ వేలం ఉంది. వాళ్లు కూడా వేలం పెట్టొచ్చుగా? (హైదరాబాద్)

మన లీగుల్లో పేరున్న ఆటగాళ్లను కొన్నేళ్లకోసారి కొత్తగా పంచుకుంటారు కాబట్టి వేలం నడుస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో పంచేది పద్దెనిమిదేళ్ల పిల్లలను. ఎంపిక చేసుకున్న జట్టుకు అతనితో ఒప్పందం చేసుకునే హక్కు వస్తుంది, జీతానికి పైగీత ముందే గీసి ఉంటుంది. డబ్బున్న జట్టు ఎక్కువ పాడి ఎగరేసుకుపోయే దారి ఉండదు. కుర్రాడికి మాత్రం ఊరు ఎంచుకునే వీలుండదు, అది ఇందులో ఉన్న కష్టం. మొత్తం ఏడు రౌండ్లు, 32 జట్లు, 224 ఎంపికలు.

మా షికాగో కుర్రాడు కానర్ బెడార్డ్ 2023-24లో ఉత్తమ రూకీగా (తొలి సీజన్ ఆటగాడిగా) కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. కానీ అతని ప్లస్-మైనస్ మైనస్ 44! ఇంత నష్టం చేసినవాడికి బహుమతేంటని మా ఆఫీసులో వాదన. (నేపర్‌విల్, ఇల్లినాయ్)

ఆ అంకెను చూసి కుర్రాడి మీద తీర్పు చెప్పొద్దు. ముందు అది ఎలా పడుతుందో చూడండి.

మీరు మంచు మీద ఉన్నప్పుడు మీ జట్టు గోల్ కొడితే ప్లస్ ఒకటి, తింటే మైనస్ ఒకటి. మెలిక ఇక్కడుంది: పవర్‌ప్లేలో, అంటే ఎదుటి జట్టులో ఒకరు శిక్ష మీద బయట కూర్చున్నప్పుడు, మీ జట్టు కొట్టిన గోల్‌కు ప్లస్ రాదు. అదే పవర్‌ప్లేలో పొరపాటున గోల్ తింటే మాత్రం మైనస్ పడుతుంది. బెడార్డ్ లాంటి షాట్ ఉన్నవాణ్ని పవర్‌ప్లేలో వాడుకోకుండా ఎవరూ ఉండరు. అక్కడ అతను చేసిన మేలు ఈ లెక్కలోకి రాదు.

ఇంకోటి ఖాళీ గోల్. మ్యాచ్ చివర్లో ఒక గోల్ వెనకబడ్డ జట్టు గోలీని (గోల్‌కీపర్‌ను) బయటికి పిలిచి ఆరో ఆటగాణ్ని దింపుతుంది. గోల్ కొట్టగలవాణ్నే దింపుతారు కాబట్టి బెడార్డ్ అక్కడ ఉంటాడు. ఒక పాస్ తప్పి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎదుటివాడి కర్రకు తగులుతుంది, వాడు అక్కణ్నుంచే విసురుతాడు, అది రింక్ పొడవునా జారుకుంటూ ఖాళీ గోల్‌లోకి పోతుంది. మంచు మీదున్న ఆరుగురికీ తలా ఒక మైనస్. ఆ ఏడాది షికాగో 82 మ్యాచ్‌ల్లో గెలిచింది 23. వెనకబడి ఆడిన సాయంత్రాలు ఎన్నో మీరే ఊహించుకోండి.

తప్పు పట్టాలంటే ఫేస్‌ఆఫ్‌లలో (ఇద్దరి మధ్య పక్ వదిలి ఆట మొదలుపెట్టే చోట) పట్టండి, అక్కడ నిజమైన లోటు ఉంది. సెంటర్‌గా ఆడిన బెడార్డ్ ఆ ఏడాది తీసుకున్న ఫేస్‌ఆఫ్‌లలో నూటికి నలభై కూడా గెలవలేదు. సొంత గోల్ వైపు జరిగే ఫేస్‌ఆఫ్‌లో డిఫెండ్ చేసే సెంటరే ముందు కర్రను మంచు మీద ఆనించాలి. ఎదుటివాడు అది చూసి తన పట్టు సర్దుకుంటాడు. పక్ పడ్డ క్షణంలో పని చేసేది ముంజేతి బలం, కింది చేతి పట్టు, నడుము వంచి నిలబడే తీరు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు ముప్పై ఏళ్ల మనిషిని అక్కడ నెట్టలేడు. పక్ పోతే తర్వాతి అర నిమిషం వెంటపడి పరుగెత్తడమే. ఇది రెండు మూడు వేసవుల కసరత్తుతో బాగుపడే లోటు.

2024 జనవరి 5న న్యూజెర్సీతో మ్యాచ్‌లో అతని దవడ విరిగింది, 14 మ్యాచ్‌లు పోయాయి. అయినా 68 మ్యాచ్‌ల్లో 22 గోల్స్, 39 అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు), రెండూ కలిపి 61 పాయింట్లు చేశాడు. బహుమతి దానికి.

మరి మా షార్క్స్ కుర్రాడు మాక్లిన్ సెలబ్రినీకి 2025లో అదే ట్రోఫీ ఎందుకు రాలేదు? అతనివి 63 పాయింట్లు, బెడార్డ్ కంటే రెండు ఎక్కువే కదా. (సన్నీవేల్, కాలిఫోర్నియా)

పోటీ ఆ ఏటి రూకీలతోనే కదా. మాంట్రియల్ డిఫెన్స్ ఆటగాడు లేన్ హట్సన్ 82 మ్యాచ్‌లూ ఆడి 66 పాయింట్లు చేశాడు. వాటిలో 60 అసిస్ట్‌లు, రూకీ డిఫెన్స్ ఆటగాళ్లలో లారీ మర్ఫీ పేరున ఉన్న రికార్డుకు సమానం. కాల్గరీ గోలీ డస్టిన్ వుల్ఫ్ రెండో స్థానంలో, సెలబ్రినీ మూడో స్థానంలో నిలిచారు. ఓట్లు వేసేది హాకీ విలేకరులు. ఒక్కొక్కరు ఐదు పేర్లు వరుసగా రాస్తారు, వాటికి 10, 7, 5, 3, 1 చొప్పున మార్కులు.

సెలబ్రినీ 2024 అక్టోబర్ 10న సెయింట్ లూయిస్ మీద తొలి మ్యాచ్‌లోనే ఒక గోల్, ఒక అసిస్ట్ చేశాడు. వెంటనే తుంటి గాయంతో 12 మ్యాచ్‌లు కూర్చున్నాడు. మొత్తం 70 మ్యాచ్‌ల్లో 25 గోల్స్, 38 అసిస్ట్‌లు. మ్యాచ్‌కు సగటున 0.90 పాయింట్లు, హట్సన్‌కు 0.80. మా అభిప్రాయం అడిగితే, ఆ 12 మ్యాచ్‌లు ఆడి ఉంటే ఓట్లు ఇంకా దగ్గరగా పడేవి. కానీ డిఫెన్స్ నుంచి 66 పాయింట్లు చేయడం తక్కువ పనేమీ కాదు, హట్సన్‌కు రావడం సబబే.

మొదటి రౌండ్‌లో తీసుకున్న కుర్రాణ్ని తొమ్మిది మ్యాచ్‌లు ఆడించి జూనియర్ లీగ్‌కు తిప్పి పంపేస్తుంటారు. ఆ తొమ్మిది లెక్కేంటి? (బ్రాంప్టన్, ఒంటారియో)

18, 19 ఏళ్లవాడు చేసుకునే తొలి ఒప్పందం మూడేళ్లు. ఆ సీజన్‌లో పదో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడితే మొదటి ఏడాది ఖర్చయిపోతుంది. తొమ్మిదితో ఆపితే ఒప్పందం ఏడాది ముందుకు జరుగుతుంది. చౌకగా దొరికే మూడేళ్లూ కుర్రాడు ముదిరాక వాడుకోవచ్చని జట్టు ఆలోచన.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. సెలబ్రినీ ఏటి జీతం 9,75,000 డాలర్లు, అతని డ్రాఫ్ట్ సంవత్సరానికి అదే పైగీత. దాని మీద ఆటను బట్టి వచ్చే బోనస్‌లు ఏటా 35 లక్షల డాలర్ల దాకా ఉండొచ్చు. అందులో మొదటి తరగతి బోనస్‌లకు ఫార్వర్డ్‌లకు నిబంధనల్లో పెట్టిన కనీస గీతలు 20 గోల్స్, 35 అసిస్ట్‌లు, 60 పాయింట్లు. పైన ఇచ్చిన బెడార్డ్, సెలబ్రినీ అంకెలు మళ్లీ చూడండి. ఇద్దరూ మూడు గీతలూ దాటారు. సీజన్ చివరి వారంలో 58, 59 పాయింట్ల దగ్గరున్న రూకీ ఎందుకంత ఆత్రంగా కనిపిస్తాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

తిప్పి పంపడంలో ఇంకో చిక్కు. కెనడా మేజర్ జూనియర్ నుంచి వచ్చినవాణ్ని ఇరవై నిండకుండా రెండో అంచె ఏహెచ్‌ఎల్‌లో పెట్టుకోకూడదన్నది చాలా ఏళ్లు నడిచిన నిబంధన. జూనియర్‌లో ఎవరూ అడ్డుకోలేరు, ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేడు, నడుమ మెట్టు ఉండేది కాదు. అమెరికా కాలేజీ నుంచి, యూరప్ నుంచి వచ్చినవాళ్లకు ఆ చిక్కు ఉండేది కాదు.

ఆస్టన్ మాథ్యూస్ 1997లో పుట్టాడు. ఆ ఏడు పుట్టిన కానర్ మెక్‌డేవిడ్ 2015లోనే డ్రాఫ్ట్ అయితే ఇతను 2016లో ఎందుకు? (ఎడిసన్, న్యూజెర్సీ)

డ్రాఫ్ట్ జరిగే ఏడాది సెప్టెంబర్ 15కల్లా 18 నిండాలి. మాథ్యూస్ పుట్టింది సెప్టెంబర్ 17న.

షార్క్స్ మ్యాచ్‌లకు పిల్లలను తీసుకెళ్తుంటాం. కొత్త కుర్రాడు బాగా ఆడుతున్నాడో లేదో గోల్స్ కాకుండా ఇంకెలా కనిపెట్టాలి? (శాన్ హోసే)

పై వరుసల్లో టికెట్ తీసుకోండి, అద్దం పక్కన కూర్చుంటే ఆట తీరు కనబడదు. ఒక్క పీరియడ్ పాటు పక్‌ను వదిలేసి అతన్నే చూడండి. బెంచ్ దిగినప్పటి నుంచి మళ్లీ ఎక్కేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మంచి షిఫ్ట్ 40, 45 సెకన్లు. నిమిషం దాటిందంటే అలసి ఇరుక్కుపోయాడనో, బెంచీకి రావాల్సినప్పుడు రాలేదనో అర్థం. రూకీలు గోల్స్ తినిపించేది ఎక్కువగా ఆ చివరి పదిహేను సెకన్లలోనే. పక్ పోయినప్పుడు వెనక్కి తిరిగి మూడు అడుగులు గట్టిగా వేస్తున్నాడా, చేతులు వేలాడేసి జారుతున్నాడా చూడండి. ఎదుటి జట్టు భాగం మొదలయ్యే బ్లూ లైన్ దగ్గర ఎదురుగా ఇద్దరు నిలబడ్డా మధ్యలోంచి దూరబోతున్నాడా, పక్‌ను పక్క గోడ (బోర్డు) వెంట లోపలికి వదిలి వెంటపడుతున్నాడా గమనించండి. అక్టోబర్‌లో మొదటిది చేసినవాడు మార్చిలో రెండోది చేస్తుంటే ఎదుగుతున్నట్టే. ఒక గోల్ ముందున్నప్పుడు చివరి రెండు నిమిషాల్లో కోచ్ అతన్ని మంచు మీద ఉంచుతున్నాడా అన్నది అన్నిటికన్నా పెద్ద గుర్తు.

జనవరి, ఫిబ్రవరిల్లో ఆట పడిపోతే కంగారుపడకండి. సెలబ్రినీ బోస్టన్ యూనివర్సిటీ తరఫున ఏడాదంతా ఆడినవి 38 మ్యాచ్‌లు, ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. అతని తొలి ఏడాది ఎన్‌హెచ్‌ఎల్‌లో 82, మధ్యలో అర్ధరాత్రి విమానాలు. అనహైమ్ 2023లో రెండో ఎంపికగా తెచ్చుకున్న లియో కార్ల్‌సన్‌ను ఇందుకే మొదటి నెలల్లో కొన్ని మ్యాచ్‌లకు కావాలనే పక్కన కూర్చోబెట్టింది. ఓపికున్న జట్టు చేసే పని అది.

తొలి ఏడాది అంకెలు చూసి పిల్లలు నిరాశపడితే జాక్ హ్యూస్ సంగతి చెప్పండి. 2019లో మొదటి ఎంపిక, తొలి సీజన్‌లో 61 మ్యాచ్‌లకు 21 పాయింట్లు, 2022-23కు వచ్చేసరికి 99. మీ ఊళ్లోనే ఇంకా మంచి ఉదాహరణ ఉంది. సెలబ్రినీ తొలి ఏడాది శాన్ హోసేలో ఉన్నది జో థార్న్‌టన్ కుటుంబంతో, వాళ్లింట్లోనే. థార్న్‌టన్ కూడా 1997లో మొదటి ఎంపికే. బోస్టన్ తరఫున తొలి సీజన్‌లో 55 మ్యాచ్‌లు ఆడి కొట్టిన గోల్స్ మూడు, మొత్తం పాయింట్లు ఏడు. ఆట మానేనాటికి 1,539.