జైలుకి పంపిన పుస్తకాలు వెనక్కి వస్తుంటే ముందు చేయాల్సిన పని

మీ అన్నయ్యకి పోస్టులో పంపిన మాసపత్రికలు జైలు నుంచి తిరిగొచ్చాయని, ములాకత్‌కి వెళ్లి అడిగితే "రూల్స్ ఒప్పుకోవు" అన్నారని, దీని మీద ఎక్కడికి వెళ్లాలని అడిగారు. మా తమ్ముడు హైదరాబాద్‌లోనే ఒక జైల్లో రిమాండ్‌లో ఉన్నప్పుడు మేం ఇదంతా పడ్డాం. నేను లాయర్‌ని కాను, పడ్డదాంట్లోంచి తెలిసింది చెప్తాను.

ఏ రూల్ ఒప్పుకోదో రాసివ్వమనండి. కోర్టు మాట తర్వాత, ముందు ఈ ఒక్క పని చేయండి.

ఎందుకంటే గేటు దగ్గర ఒక్కో రోజు ఒక్కో మనిషి ఒక్కో కారణం చెప్తాడు. మాకు ఒకరు అట్ట గట్టిగా ఉంది కాబట్టి వద్దన్నారు, ఇంకొకరు పాత పుస్తకాలు తీసుకోం అన్నారు, మరొకాయన బొటనవేలితో పేజీలు చకచకా తిప్పి, ఒక్క అక్షరం చదవకుండా, ఎక్కడో ఊరేగింపు ఫొటో కనపడగానే మూసి చేతిలో పెట్టేశాడు. పోస్టులో తిరిగొచ్చిన కవరు మీదయితే ఎర్ర ఇంకుతో "తిరస్కరించడమైనది" అని ఒక్క ముక్క, కింద ఒక పొట్టి సంతకం. పేరు లేదు, కారణం లేదు. ఆ కవరు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లినా మొదట అడిగేది ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు అనే.

సూపరింటెండెంట్ పేరున ఒక పేజీ అర్జీ చాలు. పుస్తకం పేరు, ప్రచురణకర్త, పేజీల సంఖ్య, కొన్న బిల్లు నకలు, మీ అన్నయ్య పేరు, జైలు నంబరు. చివర "ఇవ్వడం వీలుకాకపోతే ఏ నిబంధన కింద, ఏ పేజీ మీద అభ్యంతరమో రాతపూర్వకంగా తెలియజేయగలరు" అని రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు దాచుకోండి (రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు). జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. అందులో "ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే దాటేస్తారు, ఆ నిబంధన నకలు, మీ పార్సిల్‌ని వెనక్కి పంపిన ఉత్తర్వు నకలు ఇవ్వమని అడగండి. మా విషయంలో ఆ దరఖాస్తు వెళ్లాకే రాతలో జవాబొచ్చింది, చూస్తే అభ్యంతరం గట్టి అట్ట ఒక్కటే. అట్ట చింపేసి పంపాం, తీసుకున్నారు. అదేదో మొదటి రోజే చెప్పి ఉంటే ఆ పిల్లాడు అన్ని వారాలు ఖాళీగా గోడ చూస్తూ కూర్చునేవాడు కాదు, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అట్ట గురించి వాళ్ల భయం ఉత్తిది కాదు. బైండింగ్‌లో మత్తుపదార్థాలు, సిమ్ కార్డులు దాచి పంపేవాళ్లు ఉన్నారు. అందుకని ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న, ఎవరో గీతలు గీసి పక్కన ఏదో రాసిన పుస్తకం పంపకండి, కోఠీలో కొత్తది, మెత్తటి అట్టది, బిల్లుతో కొనండి. మాసపత్రికకి పిన్నులుంటే పీకేయండి. తనిఖీ చేసుకోమనండి, తనిఖీ వాళ్ల హక్కు. చదవనివ్వకపోవడం వేరే సంగతి.

అభ్యంతరం లోపలి విషయం మీదయితే సుప్రీంకోర్టు తీర్పులు మీ వైపు ఉన్నాయి. 1965లో మహారాష్ట్రలో నిర్బంధంలో ఉన్న ఒకాయన అణువు గురించి మరాఠీలో సైన్సు పుస్తకం రాస్తే, దాన్ని అచ్చుకి బయటికి పంపనివ్వలేదు ప్రభుత్వం. నిర్బంధ షరతుల్లో లేని ఆంక్ష పెట్టడానికి వీల్లేదని తీర్పు రాసింది అప్పటి సుప్రీంకోర్టు జడ్జి, మన కోకా సుబ్బారావు గారు. రూల్ చూపించమని నేను ఇంతగా చెప్పేది అందుకే. 1974లో విశాఖ సెంట్రల్ జైలు ఖైదీల కేసులో, శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవన్నారు. 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసులో అయితే చదువుకునే, రాసుకునే వీలు కూడా జీవించే హక్కులో భాగమే అన్నారు. 2022లో ఒక విచారణ ఖైదీకి (కేసు ఇంకా తేలకుండా లోపలున్న మనిషికి) ఇంటివాళ్లు పంపిన హాస్య పుస్తకాన్ని భద్రతకి ముప్పని మహారాష్ట్రలోని తలోజా జైలు ఆపితే, బాంబే హైకోర్టు తప్పుపట్టింది.

మీ అన్నయ్య విచారణ ఖైదీ అయితే కేసు నడుస్తున్న కోర్టులోనే, పుస్తకాలు ఇచ్చేలా జైలుకి ఆదేశమివ్వమని మీ లాయర్‌తో పిటిషన్ వేయించండి, హైకోర్టు కన్నా దగ్గరి దారి అది. శిక్ష పడ్డ ఖైదీ అయితే ఆ తిరస్కరణ కాగితంతో తెలంగాణ హైకోర్టులో రిట్ (హక్కు కాపాడమని నేరుగా హైకోర్టుని అడిగే పిటిషన్) వేయొచ్చు. లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడొద్దు, కస్టడీలో ఉన్న మనిషికి 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, ఆదాయం చూడరు. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి నేరుగా వెళ్లండి.

ఇంకొకటి, ఇంట్లో అందరికీ ఉండే భయం: మనం గట్టిగా అడిగితే లోపలున్నవాడి మీద కక్ష తీర్చుకుంటారేమో అని. మా అమ్మ ఆ భయంతోనే అర్జీ వద్దని ఏడ్చింది. అందుకే ములాకత్‌లో ముందు తమ్ముణ్ణే అడిగాం, "పెట్టక్కా" అన్నాడు, అప్పుడే పెట్టాను. సంతకం నాదే, భాష మర్యాదగానే, ఎవరి పేరూ ఎత్తలేదు. మీరు కూడా ముందు మీ అన్నయ్య మాట తీసుకోండి. సాయంత్రం లాకప్ పడ్డాక తెల్లారేదాకా ఆ బ్యారక్‌లో ఉండాల్సింది ఆయనే.

ఆయన రిమాండా, శిక్ష పడిందా, తిరిగొచ్చిన కవరు మీద ఏం రాసుందో ఇక్కడ రాయండి. నేను పెట్టిన అర్జీ కాపీ నా దగ్గరుంది, పేర్లు తీసేసి పెడతాను.