క్విజ్ ఆడితే గ్యాస్ బండ వస్తుందా?

ప్రశ్న: మాది గుణుపురం. మా ఆయనకి చిన్న కిరాణా కొట్టు ఉంది. పెద్దబ్బాయి డిగ్రీ అయిపోయి ఏడాదిన్నర. పొద్దున్న లేస్తూనే ఫోన్లో ఆ రోజు క్విజ్ ఆడతాడు. పదికి ఎనిమిది, తొమ్మిది కరెక్టు. రైల్వే పరీక్ష రాస్తే మాత్రం మొదటి దశలోనే పోయింది. "క్విజ్ ఆడితే గ్యాస్ బండ వస్తుందా?" అని వాళ్ల నాన్న రోజూ గొడవ. ఈమధ్య ఇరవై రూపాయలు కట్టి ఆడే క్విజ్ ఒకటి పట్టుకున్నాడు. భువనేశ్వర్‌లో కోచింగ్‌కి 45 వేలంట, హాస్టల్ వేరే. అప్పు చేసి పంపమంటారా, కొట్లో కూర్చోబెట్టమంటారా?
– ఒక తల్లి, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ ఇరవై రూపాయల ఆట ఈరోజే ఆపించండి. డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను, తెలివితో గెలిచేవైనా అదృష్టంతో గెలిచేవైనా, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిషేధించింది. ఇంకా అలాంటిది నడుపుతున్నవాళ్లు మీ అబ్బాయి డబ్బుకు పూచీ పడరు. ఉచితంగా ఆడే క్విజ్ జోలికి మాత్రం వెళ్లకండి. అది మానిపిస్తే అతనికున్న ఒక మంచి అలవాటును మన చేతులతో మనమే తెంపేసినట్టవుతుంది.

అయితే అంత బాగా క్విజ్ ఆడే పిల్లవాడు పరీక్షలో ఎందుకు పోయాడు? రైల్వే ఎన్‌టీపీసీ, అంటే గుమాస్తా, స్టేషన్ మాస్టర్ లాంటి కొలువుల పరీక్ష, మొదటి దశలో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ అవేర్‌నెస్ 40, లెక్కలు 30, రీజనింగ్ 30. ఆ నలభైలో మీవాడు ముప్పై తెచ్చుకున్నా, మిగతా అరవైలో చతికిలబడితే ఆ ముప్పై గట్టెక్కించవు. డిగ్రీ వాళ్లు కేంద్ర కొలువులకు రాసే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ పరీక్షలో ఇంకా తక్కువ, మొదటి దశ వంద ప్రశ్నల్లో జనరల్ అవేర్‌నెస్‌కి పాతికే. క్విజ్ నేర్పిన మరో అలవాటు కూడా దెబ్బ తీసి ఉంటుంది. ఫోన్లో తెలియకపోయినా ఏదో ఒకటి నొక్కితే పోయేదేం లేదు. రైల్వేలో తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోస్తారు. నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెడితే ఒకటి తగులుతుంది, మూడు తప్పుతాయి. వచ్చిన ఒక మార్కూ పోయిన ఒక మార్కూ చెల్లుకు చెల్లు, ఆ నాలుగింటి మీద పెట్టిన సమయం మాత్రం దండగ. రెండు ఆప్షన్లు ఖాయంగా తప్పని తెలిస్తేనే గురి చూడమనండి.

అంటే మీవాడిలో లోటు జనరల్ నాలెడ్జ్‌లో లేదు, లెక్కల్లో ఉంది. ఆ లెక్కలు నేర్పే చోటు మీ ఇంట్లోనే ఉందని నా నమ్మకం. అందుకే కోచింగ్ మాట తర్వాత చూద్దాం, ముందు ఇంటి పద్దు పుస్తకం అతని చేతికివ్వండి. పని చెప్పి శిక్షించినట్టు కాదమ్మా, చదువులో భాగంగానే. పాలు, కరెంటు, సరుకులు, గ్యాస్, చెల్లి ట్యూషన్ అన్నీ ఆర్నెల్లు అతనే రాయాలి.

ఎందుకంటున్నానో చూడండి. కందిపప్పు ధర 25 శాతం పెరిగితే ఖర్చు పెరగకుండా వాడకం ఎంత తగ్గించాలి? పోటీ పరీక్షల్లో ఈ తరహా ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. 25 అని గీసేసి వచ్చే పిల్లలు చాలామంది. కిలో 120 ఉన్నప్పుడు నెలకి నాలుగు కిలోలకు 480 అయ్యేది. ధర 150 అయితే అదే 480కి 3 కిలోల 200 గ్రాములే వస్తుంది. తగ్గింది 800 గ్రాములు, అంటే 20 శాతం. సూత్రం పేరు తెలియకుండానే మీరు ప్రతి నెలా వంటింట్లో చేసే లెక్క ఇది. అతను ఒక్కసారి చేత్తో కొలిచి పోస్తే ఇక మర్చిపోడు.

వాళ్ల నాన్నగారి కొట్టు ఇంకా పెద్ద బడి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి దిగింది. పన్నుతో 118 ఉన్న సరుకు 105 అయితే ధర ఎంత శాతం తగ్గినట్టు? పన్ను 13 పాయింట్లు తగ్గింది కదా అని 13 అంటారు. సరైన జవాబు సుమారు 11, ఎందుకంటే భాగించాల్సింది వందతో కాదు, 118తో. తేదీ జనరల్ అవేర్‌నెస్‌కి పనికొస్తుంది, శాతం లెక్కలకి పనికొస్తుంది. సాయంత్రం రెండు గంటలు అతను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నాన్నకీ ఊపిరి సలుపుతుంది. నేనూ బరంపురంలో మేనమామ కొట్లో చిల్లర లెక్కపెడుతూనే శాతాలు నేర్చుకున్నాను.

ఇక వాళ్ల నాన్నగారు అడిగిన గ్యాస్ బండ. దాన్నే క్విజ్‌గా మార్చమనండి. ఇంటి బండలో గ్యాస్ ఎంత? 14.2 కిలోలు. హోటళ్ల బండలో? 19 కిలోలు. లోపల ఉండేవి? ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. వాటికి వాసన లేదు, కారితే తెలియడానికి ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు. మీ ఇంట్లో బండ 40 రోజులొస్తే రోజుకి 355 గ్రాములు. ఫ్యాన్ దగ్గరికి వెళ్లండి. 75 వాట్ల ఫ్యాను రోజుకి 12 గంటలు తిరిగితే 30 రోజులకు 27 యూనిట్లు. 30 వాట్ల కొత్తరకం ఫ్యానైతే 10.8 యూనిట్లు. తేడా 60 శాతం. పద్దు రాస్తూ పోతే "సరుకుల ధర పెరిగిందని దేశం మొత్తానికి ఎవరు లెక్క కడతారు?" అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. వినియోగదారుల ధరల సూచీని ప్రతి నెలా జాతీయ గణాంక కార్యాలయం విడుదల చేస్తుంది. రిజర్వు బ్యాంకు ద్రవ్యోల్బణాన్ని, అంటే ధరలు పెరిగే వేగాన్ని, 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 లోపు ఉంచాలి. ఇంటి పద్దు రాసినవాడికి ఈ అంకెలు బట్టీ పట్టక్కర్లేదు.

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో పెరిగే మన పిల్లలకి ఒక అనుకూలత ఉంది. ఒడిశా 1936 ఏప్రిల్ 1న విడి రాష్ట్రమైందనీ, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1937లో దాని తొలి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారనీ, రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో బరంపురంలో పుట్టారనీ తాతల నోట వింటూ పెరిగారు. రాయగడ జిల్లా 1992 అక్టోబరు 2న ఏర్పడింది, రాయగడ రైల్వే డివిజన్ భవనానికి 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది. ఇలాంటివి రోజుకి రెండు నోటుపుస్తకంలో రాసుకోమనండి. ఫోన్లో నొక్కి వదిలేసింది నిలవదు.

ఖర్చు సంగతి. రైల్వే దరఖాస్తు రుసుము 500, మొదటి పరీక్షకు హాజరైతే అందులో 400 బ్యాంకు చార్జీలు మినహాయించి వెనక్కిస్తారు. స్టాఫ్ సెలక్షన్‌కి 100. పాత ప్రశ్నపత్రాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. రైల్వే పరీక్ష తెలుగులోనూ ఒడియాలోనూ రాయొచ్చు. కాబట్టి అప్పు చేయకండి. ఆర్నెల్లపాటు వారానికో నమూనా పరీక్ష గడియారం పెట్టుకుని రాయనివ్వండి. అప్పటికీ లెక్కల్లో ముప్పైకి పదిహేను దాటకపోతే, ఆ ఒక్క సబ్జెక్టుకి ఊళ్లోనే ట్యూషన్ పెట్టించండి.

ఆంధ్రా ఉద్యోగాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అక్కడ చాలా పోస్టులు అక్కడే చదివిన స్థానికులకు కేటాయిస్తారు. ఇటు ఒడిశా ప్రభుత్వ కొలువులకు ఒడియా చదవడం, రాయడం రావాలి, ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలి. లేదంటే ఆ స్థాయి పరీక్ష విడిగా రాసి గట్టెక్కవచ్చు. గ్రామీణ బ్యాంకు కొలువుకీ ఇక్కడ ఒడియా కావాలి. బజార్లో గడగడా మాట్లాడే మన పిల్లలు చాలామంది దాన్ని రాయలేరు.

అబ్బాయి ఏ మీడియంలో చదివాడో, ఏడులో, పదిలో ఒడియా సబ్జెక్టుగా ఉందో లేదో మీరు రాయలేదు. మార్కుల పత్రాలు చూసి ఆ ఒక్క సంగతి తెలియజేయండి. దాన్నిబట్టి రాష్ట్ర పరీక్షల్లో ఏది ముందు రాయాలో చెబుతాను.