సమాధానం: ఒకటో తరగతి ఫ్రెంచ్ ఇమ్మర్షన్, ఇంట్లో చదవనంటున్న పాప

ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో, అంటే పాఠాలు ఎక్కువగా ఫ్రెంచ్‌లోనే చెప్పే పద్ధతిలో, ఒకటో తరగతి చదివే పాప క్లాసులో బాగానే చదువుతున్నా ఇంట్లో వారం పదాల లిస్టు తీయగానే మొరాయిస్తోందని అడిగారు. దానికి కారణం ఫ్రెంచ్ రాని మన ఉచ్చారణ కావచ్చు. ఫ్రెంచ్ పదాల అక్షరాలను మనం ఇంగ్లీషులా చదివేస్తాం. టీచర్ దగ్గర ‘మ్వా’ అని విన్న moi అనే పదం మన నోట ‘మోయ్’ అవుతుంది. ఎవరిని నమ్మాలో పిల్లకు తెలియదు.

1. స్కూలు నుంచి ఫ్రెంచ్‌లో వచ్చే న్యూస్‌లెటర్‌ను ఫోన్లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో మీరే చదువుకోండి. పాపను అనువదించమనొద్దు.

2. చాలామంది వదిలేసేది ఇదే: చదివించే ముందు వినిపించాలి. ఆ వారం పదాలు చదివి ఆడియో పంపగలరా అని టీచర్‌ను అడగండి.
మొదట కాగితం చూడకుండా వినాలి.
తర్వాత పదం కింద వేలు పెట్టి వింటూ చూడాలి.
ఆ తర్వాతే తను చదవాలి. తప్పు పోతే మీరు దిద్దకండి, ఆడియో మళ్లీ పెట్టండి. తనే మీకు నేర్పుతానంటే మరీ మంచిది, కూర్చుని నేర్చుకోండి.

3. రాత్రి కథ తెలుగులోనే చెప్పండి. ఫ్రెంచ్‌కి అడ్డొస్తుందని టెన్షన్ వద్దు.

కెనడాలోని ఆంటారియోలో ఇమ్మర్షన్ పిల్లలకు ఎనిమిదో తరగతి అయ్యేసరికి కనీసం 3,800 గంటల ఫ్రెంచ్ బోధన ఉంటుంది. తొందరేం లేదు.

కొన్ని వారాలు ఇలా చేసినా అక్షరాల దగ్గరే ఆగిపోతుంటే టీచర్‌తో మాట్లాడి, చూపు, వినికిడి పరీక్ష చేయించండి.