చిన్నోడా, లంకకి వెళ్ళే ముందు ఇది చదువు

ఒరే చిన్నోడా, వందనాలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "బావగారూ, వీడు ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకి వెళ్తానంటున్నాడు, అదీ మీరు పనిచేసిన గోదావరి లంక ఊరికే, అక్కడి సంఘం పెద్ద, ఆ పెద్ద బ్రదర్ గారి దగ్గరికే" అంది. ఏడుస్తుందో సంతోషపడుతుందో నాకు అర్థం కాలేదు. ఫోన్ పెట్టేశాక మంచం మీద అలాగే కూర్చుండిపోయాను, మీ పెద్దమ్మ వచ్చి లైటు తీసేసినా పడుకోలేదు. గర్వంగా ఉందిరా, దాచను. మన ఇంట్లో మీ తాత తర్వాత సేవకి వెళ్ళేది నువ్వే, నేను బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఆదివారాలు సంఘం చూసుకున్నవాణ్ణే తప్ప నీలా అన్నీ వదిలేసి వెళ్ళలేదు. మీ నాన్న ఉంటే ఈ పాటికి ఊరంతా చెప్పుకునేవాడు.

కానీ భయంగా కూడా ఉంది. డబ్బు గురించి కాదు. ఆ మనిషి నోటి గురించి. ఇంకా ఎక్కువగా నీ నోటి గురించి.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను. నోటీస్ పీరియడ్ పూర్తిగా చేసి పద్ధతిగా బయటికి రా. పీఎఫ్ డబ్బులు ముట్టుకోవద్దు. అమ్మకీ నీకూ హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీది పోతుంది కాబట్టి సొంతది తీసుకో. అక్కడ మంచినీళ్ళు కాచుకుని తాగు. అంతే, ఇవి నీకు తెలియనివి కాదు.

ఇప్పుడు పెద్ద బ్రదర్ గారి సంగతి. ఆయన నిన్ను మొదటి వారమే బాధపెడతాడు, ఇది రాసిపెట్టుకో. నీ గడ్డం చూసి అంటాడు, ప్యాంటు చూసి అంటాడు, ప్రార్థన కాస్త పొడుగైతే మధ్యలోనే "ఆమేన్" అని గట్టిగా చెప్పి కూర్చోబెడతాడు. పోయిన వారం రాని ఆవిణ్ణి వాక్యం చెప్తూ చెప్తూ ఆపి "ఏమ్మా, ఎక్కడికి పోయావ్" అని అందరి ముందే అడుగుతాడు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న పిల్ల చెవులకి కమ్మలు కనపడితే ఊరుకోడు. హైదరాబాద్‌లో మీ సంఘంలో కుర్చీలూ ఏసీ ఉండి పాస్టరు గారు నవ్వుతూ మాట్లాడితే అలవాటైపోయిన నీకు ఇది చాలా మొరటుగా అనిపిస్తుంది. మొరటే, కాదని నేను అనను.

ఎందుకలా అయ్యారో తెలిస్తే నీకు కోపం కొంచెం తగ్గుతుందేమో అని చెప్తున్నాను. మన గోదావరి జిల్లాల్లో ఈ బ్రదరెన్ సహవాసం 1836లో గ్రోవ్స్ దొరతో పాటు వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరితో మొదలైంది, నర్సాపురం వాళ్ళ స్థావరం. అప్పటినుంచీ మనకి జీతం తీసుకునే పాస్టరు లేడు, బైబిల్ కాలేజీ పట్టా అడిగేవాడు లేడు, సహోదరుల్లో ఎవరికి వరం ఉంటే వాళ్ళు లేచి చెప్పడమే. అది చాలా మంచి పద్ధతి, నేను ప్రాణం పెట్టిన పద్ధతి. కానీ వాక్యం ఎలా చెప్పాలో ఎవరు నేర్పుతారు? ముందున్న పెద్దని చూసి వెనకోడు నేర్చుకుంటాడు, గొంతుతో సహా. ఆ ముందోళ్ళేమో సంతల్లో మైకు లేకుండా అరిచి చెప్పినవాళ్ళు, బాప్తిస్మం తీసుకున్నందుకు సొంత ఇంట్లోంచి గెంటేస్తే పశువుల పాకలో పడుకున్నవాళ్ళు. వాళ్ళ లెక్కలో మెత్తగా మాట్లాడ్డం అంటే లొంగిపోవడం. మొహమాటం లేకుండా చెప్తేనే నమ్మకమైన సేవకుడు. సంతలో పెంచిన గొంతు కూటం జరిగే పాకలోకి వచ్చాక కూడా తగ్గలేదు, తగ్గించమని చెప్పేవాడూ లేడు.

నాకు ఆయన మొదటి దెబ్బ 1979లో తగిలింది. నేను మొదటిసారి వాక్యం చెప్పిన రోజు. నలభై నిమిషాలు చెప్పాను, రాత్రంతా కూర్చుని నోట్సు రాసుకున్నాను. అయిపోయాక ఆయన లేచి, అప్పటికి ఆయనకి నలభై కూడా లేవు, "మాస్టారు చెప్పింది పక్కన పెట్టండి, ఇప్పుడు వాక్యం విందాం" అన్నాడు. చాప మీద కూర్చుని నా కాళ్ళ కేసి చూసుకోవడం తప్ప ఏం చెయ్యలేకపోయాను. మళ్ళీ ఆ పాకలో అడుగు పెట్టకూడదనుకున్నాను.

అదే మనిషి 1986 ఆగస్టులో గోదావరి వరద వచ్చినప్పుడు ఏం చేశాడో విను. అప్పుడు మేము లంకలో ఉన్నాం, మీ అక్కకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, బడి డాబా మీద ఎనిమిది కుటుంబాలం, కింద అంతా నీళ్ళే. సాయంత్రం ఒక నాటు పడవ వచ్చింది. అందులో ఈయన, ఒక గోనె సంచిలో బియ్యం, కిరసనాయిలు డబ్బా, రుమాల్లో మూటగట్టిన మందులు. డాబా ఎక్కుతూనే "ముందే గట్టు దాటమంటే వినవేం, బుర్రుందా నీకు" అని నన్ను తిట్టాడు, తిడుతూనే పిల్లని ఒళ్ళో వేసుకున్నాడు. మూడు రోజులు ఆ పడవ తిప్పాడు, మనవాళ్ళకే కాదు, ఎవరు చెయ్యి ఊపితే వాళ్ళకి. చేతులు బొబ్బలెక్కిపోయాయి. ఆ తర్వాత ఆయన ఎంత తిట్టినా నేను పడ్డాను, ఊళ్ళో అందరూ పడ్డారు.

ఇక్కడే నేను తప్పు నేర్చుకున్నానురా. ఆ తిట్టు నేర్చుకున్నాను, ఆ పడవ నేర్చుకోలేదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమని కొట్టిన తుఫాను నీకు గుర్తుండదు, నువ్వింకా పుట్టలేదు. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలు తోటలే పడుకుని ఉన్నాయి, తలలు లేని చెట్లు కొన్ని నిలబడి ఉన్నాయి. కొత్త మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. మా సంఘంలో ఒక సహోదరుడు చెట్లెక్కి కొబ్బరికాయల దింపులు తీసేవాడు. చెట్టే లేకపోతే దింపు తీసేవాడికి పనేముంటుంది? పడిన చెట్లు కోసి లారీలకి ఎత్తే పనికి వెళ్ళేవాడు, ఆ లారీ ఎక్కువగా ఆదివారాలే వచ్చేది. వరసగా ఐదు ఆదివారాలు కూటానికి రాలేదు.

1997 ఫిబ్రవరిలో ఒక ఆదివారం వచ్చాడు. గుమ్మం దగ్గర చాప చివర కూర్చున్నాడు. రొట్టె విరిచే ముందు నేను లేచి రెండు మాటలు చెప్పాలి. ఆయన వైపు చూస్తూనే అన్నాను, "కొంతమందికి ప్రభువు బల్ల కంటే కూలి డబ్బులు తీపి. ప్రభువుని అమ్మేసిన యూదాకి కూడా ముప్పై నాణేలు తీపిగానే ఉన్నాయి" అని. పాకలో ఎవరూ కదల్లేదు. ఆయన కాసేపు చాప పుల్ల పట్టుకుని లాగుతూ కూర్చుని, లేచి, తువ్వాలు భుజం మీద వేసుకుని, అందరికీ చేతులు జోడించి దణ్ణం పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. భార్య ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుని అక్కడే ఉండిపోయింది.

కూటం అయ్యాక ఇద్దరు ముగ్గురు నా చెయ్యి పట్టుకుని "మొహమాటం లేకుండా బాగా చెప్పారు బ్రదర్" అన్నారు. ఇంటికెళ్ళి కడుపు నిండా అన్నం తిన్నాను. ఇది నీకు దాచకుండా చెప్తున్నాను, ఆ రోజు నాకు చాలా బాగా అనిపించింది. ఆ ఇంటి సంగతి నాకు తెలియక అన్నది కాదు. వాళ్ళ ఇంటి పైకప్పు లేదని తెలుసు, ముగ్గురు పిల్లలని తెలుసు, పెద్దపిల్ల నా క్లాసులో రెండో వరసలో కూర్చునేది, నాకు మొత్తం తెలుసు. తెలిసీ అన్నాను, ఎందుకంటే ఆ మాట నోట్లోకి బాగా వచ్చింది.

తొమ్మిది రోజులు వెళ్ళలేదు. వెళ్ళినప్పుడు కూడా ఒక్కణ్ణే వెళ్ళకుండా ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని, ఆయనకి నచ్చజెప్పడానికి అన్నట్టు వెళ్ళాను. పీట వేశాడు, టీ ఇప్పించాడు. "మాస్టారూ, మీరన్నది నిజమే అయ్యుండొచ్చు. కానీ మా పాప అక్కడే కూర్చుందండి" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆ పిల్ల ఆ సంవత్సరం అంతా క్లాసులో నేను పేరు పిలిస్తే "ప్రజెంట్ సార్" అనేది గానీ తల ఎత్తేది కాదు.

1999లో ఒకరోజు కాలవ గట్టు మీద ఒక్కడే కనపడితే ఆపి క్షమించమని అడిగాను. "సర్లెండి మాస్టారూ" అన్నాడు. నిజంగానే క్షమించాడనుకుంటాను, ఆయన అలాంటి మనిషే. కానీ కూటానికి మాత్రం రాలేదు, 2011లో పోయేవరకూ రాలేదు. నేను ఆయన్ని అవమానించింది తొంభై మంది ముందు, క్షమాపణ అడిగింది ఎవరూ లేని గట్టు మీద. ఆ తొంభై మంది ముందు అదే చోట నిలబడి "నేను తప్పు మాట్లాడాను" అని ఒక్కసారి చెప్పి ఉంటే ఆయన వచ్చేవాడేమో. ఆ ఒక్క పని చెయ్యడానికి నాకు పద్నాలుగేళ్ళు టైము ఉంది, చెయ్యలేదు.

ఆయన భార్య ఇప్పటికీ కూటానికి వస్తుంది. ఎడమవైపు స్తంభం దగ్గర కూర్చుంటుంది, నువ్వు వెళ్ళిన మొదటి ఆదివారమే గుర్తుపడతావు. నేను ఎప్పుడు ఆ ఊరెళ్ళినా "వందనాలు మాస్టారూ, మోకాళ్ళు ఎలా ఉన్నాయి" అని అడుగుతుంది. ఆవిడకి ఏదైనా అవసరం ఉంటే చూడరా.

పెద్ద బ్రదర్ గారు నీకు 2 తిమోతి 4:2 చూపిస్తాడు, ఖండించుము గద్దించుము బుద్ధి చెప్పుము అని. మా తరం అందరికీ ఆ మూడు మాటలు నోటికొచ్చు. వాటి ముందు "సంపూర్ణమైన దీర్ఘశాంతముతో" అని ఉంది, దాన్ని మేము పాకలో ఎప్పుడూ గట్టిగా చదవలేదు. అపొల్లో అనే బోధకుడు సగం తెలిసి మాట్లాడుతుంటే అకుల ప్రిస్కిల్ల దంపతులు సమాజమందిరంలో లేచి నిలబడి ఆపలేదు, ఆయన్ని చేర్చుకుని విడిగా వివరంగా చెప్పారు, అపొస్తలుల కార్యాలు 18 మళ్ళీ ఒకసారి చదువు.

ఇప్పుడు నిన్ను తిట్టాలి. పోయిన క్రిస్మస్‌కి ఫ్యామిలీ గ్రూపులో మీ మావయ్య పెట్టిన మెసేజ్ కింద నువ్వేం రాశావో చూశాను. నువ్వన్నది కరెక్టే, ఆయనదే తప్పు, కానీ డెబ్భై ఏళ్ళ మనిషిని నలభై మంది చూసే చోట అలా కడిగేస్తావా? ఇంగ్లీషులో నవ్వుతూ రాస్తే అది మొరటుతనం కాదనుకున్నావా? వృద్ధుణ్ణి గద్దించకుండా తండ్రి అనుకుని చెప్పమని తిమోతికి రాసింది నీ వయసువాళ్ళ కోసమే. నీ నోరు మీ తాతదిరా, నాది కూడా అదే, అందుకే ఇంత రాస్తున్నాను.

ఇంకో భయం ఉంది. మా రోజుల్లో ఎంత మాట అన్నా ఆ పాకలో ఉన్నవాళ్ళే విన్నారు. ఇప్పుడు అక్కడ కూడా యూట్యూబ్ లైవ్ పెట్టారంట, కెమెరా, మిక్సరు నీకే అప్పజెప్తారు, కుర్రాడివి కాబట్టి. ఆయన ఎవరి పేరైనా ఎత్తి హెచ్చరిక మొదలుపెడితే లైవ్ ఆపెయ్యి. ఎందుకు ఆపావని అరిస్తే పడు. ఆ వీడియో దుబాయ్‌లో ఉన్న వాళ్ళ అబ్బాయి చూస్తాడు, అత్తారింట్లో ఉన్న పిల్ల చూస్తుంది. మా క్లాసులో ఆ పాప తల ఎత్తకుండా కూర్చోవడం నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఆయన్ని మార్చాలని వెళ్ళొద్దు. ఎనభై నాలుగేళ్ళు ఆయనకి. నిన్ను అంటే పడు, రాత్రికి ప్రభువుతో చెప్పుకో, మరీ భరించలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, పన్నెండైనా ఎత్తుతాను. వేరేవాళ్ళని అంటే మాత్రం ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళు, తొమ్మిది రోజులు ఆగొద్దు, ఎవర్నీ వెంటబెట్టుకోవద్దు. ఆయన తరఫున సంజాయిషీ చెప్పక్కర్లేదు, కూర్చో, వాళ్ళు పెట్టింది తిను, ప్రార్థన చెయ్యమంటే చెయ్యి. ఆయనతో మాట్లాడాలంటే తెల్లారుజామున ప్రార్థన అయ్యాక అరుగు మీద కూర్చుంటాడు, అప్పుడు ఆయనంత మెత్తని మనిషి ఇంకొకడుండడు. కుడివైపు కూర్చో, ఎడమ చెవి వినపడదు. ఆ టైములో వరద సంగతి అడుగు, చెప్పడు, కానీ చేతులు చూసుకుంటాడు.

నీకు తెలుసో లేదో, భక్తసింగ్ గారు కూడా ఇంజనీరింగ్ చదివినవారే. పంజాబ్ సిక్కు కుటుంబం, కెనడాలో చదివి 1933లో తిరిగొచ్చి జీతం లేని సేవలో దిగారు. 1974లో నేను హైదరాబాద్‌లో ఆయన మందిరం హెబ్రోనులో సమావేశాలకి వెళ్ళినప్పుడు అంతమంది మధ్య ఆయన మోకాళ్ళ మీద ఉండడం చూశాను. అన్నాలప్పుడు పెద్దా చిన్నా, కులం గిలం లేకుండా అందరం ఒకే బంతి. మా పెద్ద బ్రదర్ వాళ్ళ తరం ఆ మోకాళ్ళు కూడా నేర్చుకున్నారు, ఆయన గది గుమ్మం దాటితే నేల మీద అరిగిన చోటు కనపడుతుంది నీకు. అది చూడు ముందు.

వచ్చేటప్పుడు నర్సాపురంలో మా ఇంట్లో ఒక రాత్రి ఉండి వెళ్ళు, మీ పెద్దమ్మ పులస దొరక్కపోయినా ఏదో ఒక చేప తెప్పిస్తానంటుంది. పొద్దున్న నేనే రేవు దాకా వస్తాను. సఖినేటిపల్లికి పంటు మీదే, అంటే ఆ పెద్ద బల్లకట్టు మీదే దాటు, గాలి ఉన్నప్పుడు చిన్న పడవ ఎక్కొద్దు, ఆలస్యమైనా పర్లేదు. దిగగానే ఫోన్ చెయ్యి. ఇంకోటి, నా సైకిల్ ఉంది, కొత్త టైర్లు వేయించి పెట్టాను, పంటు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళు. అక్కడ ఇళ్ళు దూరం దూరంగా ఉంటాయి.

మీ పెదనాన్న