ఫిష్ ట్యాంకులో చెయ్యి పెడితే జిల్లుమంటోంది: తప్పు ఎక్కడుంది, ఏం మార్చాలి?

మీరు రాసినదాన్ని బట్టి ట్యాంకు రెండున్నర అడుగులది. లోపలి ఫిల్టర్, ఎయిర్ పంపు, 100 వాట్ల హీటర్, ఎల్‌ఈడీ లైటు అన్నీ స్టాండు కింది అరలో ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కలిపారు. వానలు మొదలైనప్పటి నుంచి నీళ్ళు ముట్టుకుంటే జిల్లుమంటోంది.

ముందు గోడ స్విచ్ ఆపి, ఆ బాక్సు ప్లగ్గును గోడ సాకెట్ నుంచి లాగేయండి. ఆ ప్లగ్గు దగ్గర కూడా తడి ఉంటే మెయిన్ బోర్డులో ఆపాకే ముట్టుకోండి. స్విచ్ ఒక్కటీ ఆపి ఊరుకోవద్దు. మన ఇళ్ళలో స్విచ్ ఒక్క వైరునే తెంపుతుంది. బోర్డులో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే స్విచ్ ఆపినా మోటారు దాకా ఫేజు వస్తూనే ఉంటుంది. ఇకమీదట ట్యాంకులో చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్గు బయట ఉండాల్సిందే.

తప్పు ఏ పరికరానిదో పట్టుకోవడానికి మల్టీమీటర్ కావాలి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఏసీ 750 వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబు నీళ్ళలో, రెండోది ఎర్తింగ్‌కి తగిలించి, పరికరాలను ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ చూడాలి. 30, 40 వోల్టులు కనిపించినంత మాత్రాన అదే లీకని తేల్చేయొద్దు. మోటారు చుట్ట నుంచి నీళ్ళలోకి ఊరికే ప్రేరేపితమయ్యే వోల్టేజీని కూడా మీటరు చూపిస్తుంది. ఏదో ఒకటి ఆన్ చేయగానే అంకె ఒక్కసారిగా వంద దాటితే అదే దొంగ. టెస్టర్‌ని నమ్ముకోవద్దు, దాని దీపం ఉత్త ప్రేరణకీ వెలుగుతుంది. పరికరాల్లో నా అనుమానం ముందుగా హీటర్ మీదే. నీళ్ళు మార్చేటప్పుడు మట్టం తగ్గి వేడి గాజు గొట్టం బయటపడుతుంది, చల్లటి నీళ్ళు పోయగానే సన్నగా చిట్లుతుంది. ఆ గీత కంటికి ఆనదు, కానీ గొట్టం లోపలి గోడకి ఆవిరి చెమ్మ పట్టి కనిపిస్తుంది. అలాంటి హీటర్‌ని పారేయడమే, సీలెంట్ పూసి వాడకూడదు. కొత్తదానికి నీళ్ళు మార్చే ముందు కరెంటు ఆపి 15–20 నిమిషాలు చల్లారనివ్వండి.

ఫిల్టర్ మోటారు చుట్టను ఎపాక్సీలో పోసి మూసేస్తారు కాబట్టి అది తొందరగా పాడవదు. పాడయ్యేది వైరు. నీళ్ళలో మునిగే వైరుకి చిన్న గాటు పడితే తడి లోపలి రాగి పోగుల వెంట పాకి, ప్లగ్గు దాకా వెళ్తుంది. ఇన్సులేషన్ టేపు చుట్టి నీళ్ళలో ముంచడం ఎన్నడూ పనికిరాదు.

ఇక బాక్సు ఉన్న చోటు. నా లెక్కన అసలు జబ్బు అదే. ట్యాంకు అంచు మీద పడ్డ చుక్క వైరు పట్టుకుని జారుతుంది. వైరు పై నుంచి నేరుగా కిందున్న సాకెట్‌లోకి దిగుతుంటే ఆ చుక్క కూడా నేరుగా పిన్నుల మధ్యకే చేరుతుంది. అందుకే ప్రతి వైరూ సాకెట్ కన్నా కనీసం అర అడుగు కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి ప్లగ్గులో చేరాలి. అప్పుడు చుక్క ఆ వంపు అడుగునే రాలిపోతుంది. దీన్నే డ్రిప్ లూప్ అంటారు. అయిదారు వైర్లను కలిపి టైతో బిగించేస్తే వంపు పోతుంది, విడివిడిగా వదలండి. బాక్సును అరలో నుంచి తీసి, ట్యాంకుకి పక్కగా గోడ మీద, నేలకి మూడడుగుల ఎత్తున స్క్రూలతో బిగించండి. ట్యాంకు కిందా వద్దు, వెనకా వద్దు. తలుపులున్న స్టాండులో గాలి ఆడక లోపలంతా చెమ్మగానే ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో అయితే వానాకాలంలో ప్లగ్గు పిన్నులకి ఆకుపచ్చ చిలుము పడుతుంది. చిలుము పట్టిన చోట పట్టు సరిగా లేక పిన్ను వేడెక్కుతుంది, సాకెట్ ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారుతుంది. రంగు మారిన సాకెట్‌ని తుడిచి వాడొద్దు, మార్చేయండి. ఉప్పునీళ్ళ ట్యాంకైతే తెల్లటి ఉప్పు పొర వైర్ల మీదుగా పాకుతుంది. వారానికోసారి ప్లగ్గులు తీసి, తడిగుడ్డతో వైర్లు తుడిచి, బాగా ఆరబెట్టాకే మళ్ళీ పెట్టాలి.

ఎయిర్ పంపు నీటి మట్టానికి కిందుంటే ఇంకో చిక్కు. కరెంటు పోగానే గాలి ఆగుతుంది, నీళ్ళు ట్యూబు వెంట వెనక్కి దిగి పంపులోకి, అక్కణ్ణించి కిందున్న బాక్సు మీదికి కారతాయి. పంపును నీటి మట్టం కన్నా ఎత్తున పెట్టడం ఒక్కటే గట్టి మందు. వీలుకాకపోతే ట్యూబులో నాన్ రిటర్న్ వాల్వు వేయండి, బాణం గుర్తు ట్యాంకు వైపు ఉండాలి. లోపలి రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి అప్పుడప్పుడు తీసి నోటితో ఊది చూడండి. రెండు వైపుల నుంచీ గాలి పోతుంటే కొత్తది కొనండి.

ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే పడిపోయే బ్రేకర్) ఉంది కదా అనుకోవద్దు. మీ సామాన్లన్నీ కలిపినా 150 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర ఒక ఆంపు కూడా ఉండదు. మనిషి ప్రాణం తీయడానికి ఒక ఆంపులో చిన్న వంతు చాలు, 6 ఆంప్స్ ఎంసీబీకి అది తెలియనే తెలియదు. కావాల్సింది 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకవగానే పసిగట్టి పడిపోయే (ట్రిప్పయ్యే) బ్రేకర్. 100, 300 మిల్లీ ఆంప్స్‌వి మనిషిని కాపాడడానికి కావు. ఇంటి మెయిన్‌లో ఇప్పటికే ఒకటి ఉంటే దాని మీద రాసిన అంకె చూడండి. ఎల్‌ఈడీ అడాప్టర్లు ఉన్నాయి కాబట్టి ‘ఏసీ’ (AC) టైపు కన్నా ‘ఏ’ (A) టైపు మేలు. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడ్‌ని ఆపదు, వెంట ఎంసీబీ ఉండాలి. లేదా రెండు పనులూ చేసే ఆర్‌సీబీఓ కొని, ట్యాంకు బోర్డులోనే పెట్టించండి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఆర్‌సీసీబీ మెయిన్‌లోనే ఉంటే, కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు ట్యాంకుకి దాని కాపలా ఉండదు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడిపోవాలి.

మన దుకాణాల్లో దొరికే పంపులు, హీటర్లు చాలావరకు రెండు పిన్నులవే, ఎర్తింగ్ ఉండదు. వాటితో లీకైన కరెంటుకి మీ చెయ్యి తగిలేదాకా దారి దొరకదు, అంతవరకు ఆర్‌సీసీబీ కూడా పడదు. టైటానియం గ్రౌండింగ్ ప్రోబు (వైరు ఉన్న లోహపు కడ్డీ) నీళ్ళలో వేసి ఎర్తింగ్‌కి కలిపితే లీకు మొదలైన క్షణమే పడుతుంది. అయితే ఆర్‌సీసీబీ లేకుండా ప్రోబు ఒక్కటే వేయకండి. లీకు ఆగకుండా నీళ్ళ గుండా పారుతూనే ఉంటుంది.

ప్రస్తుతం అరలో ఉన్న బాక్సు లోపల ఒకసారైనా తడిసి ఉంటే ఎండబెట్టి మళ్ళీ వాడొద్దు. లోపలి ఇత్తడి పట్టీల మీద మిగిలే పొర చెమ్మ తగలగానే మళ్ళీ కరెంటుకి దారిస్తుంది. కొత్త బోర్డు బిగించి, టెస్ట్ బటన్ పనిచేసిందని చూసుకున్నాకే ఫిల్టర్ ఆన్ చేయండి. ఈలోగా చేపలు పైకొచ్చి గాలి మింగుతుంటే, చెయ్యి పెట్టకుండా మగ్గుతో పది నిమిషాలకోసారి నీళ్ళు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి.