పళ్ల సంగతులు: అమ్మాయి పలువరస, అమ్మ చిగుళ్లు

ప్రశ్న: డాక్టరమ్మా, మా అమ్మాయికి 22 ఏళ్లు. ఊరికే కూర్చున్నా పైపళ్ల అంచులు కనిపిస్తాయి. మొన్న చూపులకొచ్చినవాళ్లు "పిల్లకి ఎత్తుపళ్లు" అని కబురంపారు. క్లిప్పులు వేయించాలా? నాకు 51. సిరిమాను పండక్కి తీసిన ఫోటోలో నవ్వితే నాకు కిందిపళ్లే కనిపిస్తున్నాయి. పైన ముందుపళ్ల మధ్య కొత్తగా సందు కూడా వచ్చింది. అదృష్టమంటారు మా అత్తగారు.
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: పళ్లు కనిపించడం వేరమ్మా, ఎత్తుగా ఉండడం వేరు. 1978లో విగ్, బ్రండో అనే పరిశోధకులు కొలిచి చూశారు. పెదవులు వదులుగా ఉంచితే 30 లోపు వాళ్లకి పైన ముందుపళ్లు సగటున 3 మిల్లీమీటర్లకు పైనే కనిపించాయి. 60 దాటినవాళ్లకి దాదాపు కనిపించనే లేదు, బదులుగా కిందిపళ్లు 3 మిల్లీమీటర్ల దాకా బయటపడ్డాయి. వయసుతో పైపెదవి బిగువు తగ్గి కిందికి జారుతుంది, పళ్లూ అరుగుతాయి. చూపులవాళ్లు వంక పెట్టింది పడుచు నవ్వుకి! లేనిపోనిదానికి ఆ పళ్లని పైకి ఎక్కించేస్తే పాతికేళ్లకే యాభయ్యేళ్ల నవ్వు వస్తుంది.

ఒకటి మాత్రం గమనించండి. పెదవులు మూయడానికి అమ్మాయి అవస్థ పడుతోందా, అప్పుడు గడ్డం మీద చర్మం ముడుచుకుంటోందా? అలా ఉంటే క్లిప్పుల డాక్టరుకి చూపించండి. లేదంటే, ఆ సంబంధం పోతే పోయింది.

మీ నవ్వూ మీ వయసుకి తగినదే. నాకు టెన్షన్ ఆ సందు గురించే. చిన్నప్పటినుంచీ ఉన్న సందయితే మీ అత్తగారి మాట నేనూ కాదనను. 50 దాటాక తెరుచుకున్నదాని వెనక చాలాసార్లు చిగుళ్ల జబ్బు ఉంటుంది. లోపల ఎముక కరిగి, పట్టు తప్పిన పన్ను నాలుక తోపుడుకి జరిగిపోతుంది. తోముకుంటే రక్తం వస్తోందా? షుగర్ ఉందా? షుగర్ అదుపులో లేకపోతే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయని మన వైపు ఒక భయం. గార అడ్డుగా ఉన్నన్నాళ్లూ తెలియని కదలిక, అది తీశాక తెలుస్తుంది, అంతే. ఎక్స్‌రే తీయించి, గార తీయించి, చిగుళ్లు కుదుటపడ్డాక సందు మూయడానికి మీరే క్లిప్పులు వేయించుకోవచ్చు, 51 ఏమీ ముదిరిపోయిన వయసు కాదు. చిగుళ్లు వాచి ఉండగా వేస్తే మాత్రం మిగిలిన ఎముకా పోతుంది. క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ జరగకుండా రిటైనర్ తప్పదు.

వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టు పట్టుకెళ్లండి.